ఉండమన్నది మేమే

వీడియో గేముల్లో మేం చాలాసార్లు చచ్చిపోయాం. ఆ సంగతి మాకు 2010లో తెలిసింది.

మా ఊరి బస్టాండు వెనక ఒక నెట్ సెంటర్ ఉండేది. మగ్రిబ్ నమాజు అయిపోయినా పిల్లోడు ఇల్లు చేరలేదని వెతుక్కుంటూ పోతే అక్కడ దొరికాడు. 14 ఏళ్లవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతికింద మౌసు, తెర మీద తుపాకీ. తెరలో ఇరుకు గల్లీ, మిద్దెలు, గోడల మీద అరబ్బీ రాతలు. కనబడినవాణ్ణి కనబడినట్టు కాల్చేస్తున్నాడు.

'ఎవర్రా వాళ్లు?' అన్నాం.

'టెర్రరిస్టులు అబ్బా' అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

'ఏ ఊరది?'

'కరాచీ.'

ఆ గేము పేరు 'కాల్ ఆఫ్ డ్యూటీ'. 2009లో వచ్చిన భాగం. కరాచీ వీధుల్లో బోర్డులు ఉర్దూలో ఉంటాయి. గేములో మాత్రం అరబ్బీ. అంత డబ్బు పోసి గేము తీసినవాళ్లకు ఆ రెండు భాషలకూ తేడా ఉంటుందేమో అడుగుదామని కూడా తోచలేదు. మా దాదాకు కరాచీ ఏ దిక్కున ఉందో తెలియదు. మా ఖాన్‌దాన్‌లో ఎవరూ అటు పోలేదు. అయినా క్రికెట్ మ్యాచి జరిగిన ప్రతిసారీ మమ్మల్ని అక్కడికే పొమ్మంటారు. ఇప్పుడు మా పిల్లోడే గంటకు 20 రూపాయలిచ్చి అక్కడికి పోయి, మాలాంటివాళ్లను కాల్చి, బువ్వ వేళకు ఇంటికొస్తున్నాడు.

'ఆటనే కదా అబ్బా' అన్నాడు దారిలో.

ఈ మాట మాకు కొత్త కాదు. సినిమాలో మాకు రెండే వేషాలు. బాంబు పెట్టేవాడు, లేదంటే హీరో కోసం ప్రాణమిచ్చే మంచి భాయ్. ఇదేంటని అడిగితే 'సినిమానే కదా' అన్నారు. 'నిమ్మల్కి, నమ్మల్కి' అని మా తెలుగును వెక్కిరించారు. బాధపడితే 'కామెడీనే కదా' అన్నారు. 1991లో 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' వచ్చాక గానీ మా బాధ మా నోటితో చెప్తే వినేవాళ్లున్నారని మాకు నమ్మకం కుదరలేదు. అది కవిత్వం సంగతి. గేముల్లో కూడా అలా నోరు విప్పినవాళ్లున్నారని మాకు చాలా ఏళ్లదాకా తెలియదు. గేమంటే తుపాకీ అనే అనుకున్నాం.

మాకు తెలియజెప్పింది మా బిడ్డ. హైదరాబాద్‌లో ఇంజనీరింగు చదివింది. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా ఒకరో ఇద్దరో, పది మందో కూడి సొంతంగా చేసుకునే గేములుంటాయట. వాటిని 'ఇండీ' గేములంటారట. మాకు అర్థమయ్యేలా చెప్పాలంటే, అప్పుచేసి సొంత పుస్తకం అచ్చేసుకుని సభల్లో అమ్ముకునే మన కవుల్లాంటివాళ్లన్నమాట.

అందులో మొదటగా చూపించింది 'లైలా అండ్ ద షాడోస్ ఆఫ్ వార్'. చేసినవాడు పాలస్తీనాలోని నాబ్లుస్‌కు చెందిన రషీద్ అబూ ఈదె. 2014లో గాజా మీద జరిగిన యుద్ధం చూసి తట్టుకోలేక చేశాడు. అంతా నలుపు నీడల్లోనే నడుస్తుంది. ఒక తండ్రి భార్యనూ చిన్న బిడ్డనూ తీసుకుని బాంబుల కింద పరుగెత్తుతుంటాడు. ఆ తండ్రిని పరుగెత్తించేది మన వేలు. సముద్రపు ఒడ్డున పిల్లలు బంతాట ఆడుతుంటారు. ఆ ఏడు జూలైలో గాజా ఒడ్డున ఆడుకుంటూ నలుగురు పిల్లలు చచ్చిపోయిన సంగతి పేపర్లో చదివినవాళ్లకు అక్కడ వేలు ఆగిపోతుంది. ఆగినా లాభం లేదు. ఎంత బాగా ఆడినా మనం ఆ బిడ్డను కాపాడలేం. గెలవడానికి వీల్లేకుండా చేసిన ఆట అది.

2016లో ఆపిల్ కంపెనీ దీన్ని తన దుకాణంలో గేముల వరుసలో పెట్టనంది. ఇది గేము కాదు, వార్తల వరుసలోనో మరోచోటో పెట్టుకో అంది. లోకం గోల చేశాక కొద్ది రోజుల్లో దిగొచ్చి గేమేనని ఒప్పుకుంది. మాకు అప్పుడు నెట్ సెంటర్ గుర్తొచ్చింది. కరాచీ గల్లీలో జనాన్ని కాలిస్తే ఆట. గాజా గల్లీలో బిడ్డను ఎత్తుకుని పరుగెత్తితే మాత్రం ఆట కాదు. మేం చచ్చేటప్పుడు వినోదం, మేం ఏడిస్తే రాజకీయం. ఈ లెక్క మాకు కవిత్వంలోనూ ఎదురైంది కాబట్టి ఆశ్చర్యం కలగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏడిపించడం గొప్ప సంగతేం కాదు. మన సినిమాలు తల్లి సెంటిమెంటుతో, చెల్లెలి సెంటిమెంటుతో ఎన్నేళ్లుగానో ఏడిపిస్తూనే ఉన్నాయి. కానీ సినిమాలో తప్పు ఎవడో చేస్తాడు, కుర్చీలో కూచుని మనం ఏడుస్తాం. కళ్లు తుడుచుకుని బయటికొచ్చి స్కూటరు తీసుకుంటాం. ఈ గేముల్లో తప్పు మనమే చేస్తాం. మా పెద్దోడు 'పేపర్స్ ప్లీజ్' ఆడినప్పుడు ఆ తేడా మాకు తెలిసింది.

పెద్దోడంటే ఆ నెట్ సెంటర్ పిల్లోడే. ఉద్యోగమొచ్చి హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కుంటుంటే, ఫోనులో సరేనన్న ఓనర్లు పేరు వినగానే 'నిన్ననే ఇచ్చేశామండీ' అన్నారు. ఆ రోజుల్లోనే, 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం మార్చారు. మా ఇంట్లో సందూకులన్నీ తెరిచాం. అబ్బా పేరు రేషన్ కార్డులో ఒక తీరు, పట్టాదారు పాసు పుస్తకంలో ఒక తీరు, ఓటర్ల జాబితాలో మరో తీరు. ఒక చోట షేక్, ఒక చోట షేఖ్, ఒక చోట ఉత్త యస్.కె. రాసినవాళ్లు మేం కాదు. తెలుగు గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా రాసుకున్నాడు. ఆ తప్పుకు జవాబు చెప్పాల్సింది మాత్రం మేమే. చచ్చిపోయిన అబ్బా ఒక్కడేనా ముగ్గురా అని రుజువు చేయడానికి ఆ చలికాలమంతా ఆఫీసుల చుట్టూ తిరిగాం.

ఆ రోజుల్లోనే పెద్దోడు ఈ గేము ఆడాడు. లూకస్ పోప్ అనే ఒకే ఒక్క మనిషి చేసి 2013లో విడుదల చేశాడు. లేని దేశం పేరు అర్‌స్టోత్స్కా. సంవత్సరం 1982. సరిహద్దు దగ్గర కిటికీ వెనక కూచుని, వచ్చినవాళ్ల కాయితాలు చూసి ముద్ర వేయడమే మన పని. ఎంతమందిని చూస్తే అంత కూలి. ఆ కూలితోనే ఇంటద్దె, తిండి, చలికి పొయ్యి. తప్పుగా ఎవరినైనా పంపితే చీటీ వస్తుంది. రోజుకు మొదటి రెండు తప్పులకూ ఉత్త హెచ్చరిక. మూడో దాన్నుంచి జీతంలో కోత.

ఒక ముసలాయన వస్తాడు. కాయితాలన్నీ సరిగ్గానే ఉంటాయి. పోతూ పోతూ, నా వెనక నా భార్య వస్తోంది, కాస్త దయ చూపమంటాడు. ఆమె దగ్గర లోపలికొచ్చే పర్మిట్ ఉండదు.

పెద్దోడు ఆ రాత్రి ఫోన్ చేశాడు. 'అబ్బా, మొదటిసారి ఆమెను పంపిన. తర్వాత ఎవరెవరో వచ్చిన్రు. ఒకామె పేరు రెండు కాయితాల్ల రెండు తీర్లుంది. వెనక్కి పంపిన. నా పేరసోంటిదే. కానీ అప్పటికే రెండు చీటీలొచ్చినయి, ఇంట్ల కొడుకు జబ్బు మీదున్నడు. ఆలోచన చెయ్యలేదు. ముద్ర గుద్దిన.' కాసేపు ఊరుకుని, 'అంత సులువుగుంటదనుకోలేదు' అన్నాడు.

కిటికీకి ఇవతల నిలబడ్డ బాధ మాకు పుట్టుకతో వచ్చింది. దాన్ని ఎవరూ మాకు గేము చేసి చూపనక్కర్లేదు. కిటికీ అవతల కూచున్నవాడు రాక్షసుడై ఉంటాడని ఇన్నాళ్లూ అనుకున్నాం. వాడికీ ఇంటద్దె ఉంటుందనీ, సాయంత్రమయ్యేసరికి మనుషులు కాయితాల్లా కనబడతారనీ ఆ కుర్చీలో కూచున్న మా కొడుకు మాకు చెప్పాడు. అలాగని గుమాస్తాను క్షమించామని కాదు. ఆ కుర్చీని చూశాం, అంతే.

అన్నిటికంటే లోపలికి దిగింది మాత్రం ఇంకొకటి.

2020లో లాక్‌డౌన్ పెట్టారు. మా బిడ్డ హాస్టల్ మూసేస్తే ఊరొచ్చింది. ఏప్రిల్ 25న రంజాన్ మొదలైంది. మసీదుకు తాళం. తరావీలు ఇంట్లోనే. కరోనాను మేమే తెచ్చామని టీవీల్లో అరుస్తుంటే టీవీ కట్టేసి, ఇఫ్తార్ తర్వాత అందరం ఒకే గదిలో కూచునేవాళ్లం. మా అమ్మీకి అప్పటికి 80కి దగ్గర. చూపు మందగించింది గానీ చెవులు చురుకు. బిడ్డ ఫోనులో ఏదో చదువుతూ గొణుక్కుంటుంటే, 'క్యా పడ్‌రీ బేటీ?' అని అడిగింది.

ఆ గేము పేరు 'బరీ మీ, మై లవ్'. ఫ్రాన్స్‌లో చిన్న బృందమొకటి 2017లో చేసింది. నూర్ అనే సిరియా అమ్మాయి హోమ్స్ పట్నం నుంచి యూరప్‌కు బయల్దేరుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవాలి కాబట్టి మొగుడు మజ్ద్ అక్కడే ఉండిపోతాడు. ఇద్దరి మధ్యా ఫోను సందేశాలే. ఆడేవాళ్లు మజ్ద్ అన్నమాట. తెర మీద పరుగుల్లేవు, తుపాకుల్లేవు. వాట్సప్‌లో వచ్చినట్టు ఆమె మాటలొస్తాయి. జవాబుగా ఏం రాయాలో రెండు మూడు మాటల్లోంచి మనం ఏరుకోవాలి. ఆ జవాబును బట్టి ఆమె దారి మారుతుంది. 19 ముగింపులున్నాయి. కొన్నిట్లో చేరుకుంటుంది, కొన్నిట్లో మధ్యలో చిక్కుకుపోతుంది, కొన్నిట్లో లేదు.

అసలు విషయం ఎదురుచూపులో ఉంది. ఆమె ప్రయాణంలో ఉందంటే ఫోను గంటలకొద్దీ మూగబోతుంది. మనం మన పనుల్లో ఉండగా ఏ అర్ధరాత్రో టింగుమంటుంది. సహరీకి లేవగానే అమ్మీ మొదటి మాట, 'ఓ పోరీకా ఫోన్ ఆయా?'

'దాదీ, నిజం పిల్ల కాదు' అంది మా బిడ్డ ఒకరోజు నవ్వుతూ.

'రాసింది ఎవర్ని చూసో రాసుంటరు కదా' అంది అమ్మీ.

అమ్మీకి చదువు రాదు గానీ చెప్పింది నిజం. ఒక సిరియా అమ్మాయి తనవాళ్లతో వాట్సప్‌లో మాట్లాడుకున్న మాటల్ని 'లె మోంద్' పత్రిక 2015లో అచ్చేసింది. గేముకు మూలం అదే. చేసినవాళ్లు ఆ అమ్మాయిని అడిగి, ఆమెను పక్కన పెట్టుకుని రాశారు. ముస్లింల కథ ముస్లిం కానివాళ్లు చెబితే మేం ముందు అనుమానంతోనే చూస్తాం. ఆ అనుమానం మాకు ఊరికే రాలేదు. వీళ్లు మాత్రం అడిగారు. కరాచీ బోర్డులు రాసినవాళ్లు అడగలేదు.

గేము పేరుకు అర్థం చెప్పినప్పుడు అమ్మీ చేతిలో తస్బీ ఆగిపోయింది. సిరియావాళ్లు ప్రాణప్రదమైనవాళ్లతో అనే మాటట అది. నన్ను నువ్వే మట్టిచెయ్యాలి, నాకంటే ముందు నువ్వు పోకూడదు అని. మా ఇళ్లలో తల్లులు బిడ్డల్ని బస్సెక్కించేటప్పుడు 'మేరీ ఉమర్ తేరేకు లగ్‌జానా' అంటారు. నా ఆయుష్షు నీకు తగలాలి అని. మాటలు వేరు, దువా అదే. 1989లో మా తమ్ముణ్ణి దమ్మాం పంపేటప్పుడు అమ్మీ అన్న మాట అదే.

అప్పట్లో మా ఇంట్లో ఫోను లేదు. క్యాసెట్లుండేవి. సౌదీ నుంచి ఊరొచ్చేవాళ్ల చేతికిచ్చి తమ్ముడు క్యాసెట్ పంపేవాడు. ఒకవైపు వాడి మాటలు. అందరం టేప్ రికార్డర్ చుట్టూ కూచుని విని, రెండోవైపు మా మాటలు నింపి, పోయేవాళ్ల చేతికిచ్చేవాళ్లం. వినడానికీ జవాబు చేరడానికీ మధ్య నెలలు గడిచేవి. కష్టాలు చెప్పుకోవడం మాకు చేతకాదు. అమ్మీ జ్వరంతో పడుకుని ఉంటే, అందరం బాగున్నామని రికార్డు చేశాం. వాడు కూడా ఎండలో స్లాబు పని చేస్తూ, ఏసీ గదిలో ఉన్నానన్నాడు. ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుని ఇద్దరం అబద్ధాలే పంపుకున్నాం. మజ్ద్ నూర్‌కు రాసేవాటిలో కూడా అలాంటి అబద్ధాలుంటాయి. అవి ఏరుకునేటప్పుడు మా బిడ్డ మా వైపు చూసేది. మేం తలలూపేవాళ్లం. ఏం చెప్పకూడదో మాకు బాగా అలవాటు.

ఒక రాత్రి నూర్ అడిగింది. కదలమంటావా, ఇంకొన్నాళ్లు ఇక్కడే ఆగమంటావా అని. బిడ్డ మాకు చదివి వినిపించింది. ఇంట్లో పెద్దలం కదా, అన్నదమ్ములం ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆగమనడమే మేలనిపించింది. తొందరపడితే ఏమవుతుందో, నాలుగు రోజులు ఓర్చుకుంటే మంచి దారి దొరుకుతుంది కదా. 'ఆగమను' అన్నాం. బిడ్డ వేలు నొక్కింది.

మూడో రోజుకు సందేశాలు ఆగిపోయాయి. గేము అయిపోయింది.

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది, 'ఛోటేకూ భీ రుక్ బోలేనా హమ్.' చిన్నోణ్ణి కూడా మనమే ఆగమన్నాం కదా అని.

24 ఏళ్లలో ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. తమ్ముడు పోయింది 1996లో. గుండె ఆగిందని కబురు. కిస్మత్ అనుకున్నాం. అల్లా పిలుపనుకున్నాం. కఫీల్‌ను తిట్టాం, ఏజెంటును తిట్టాం. శవం రాలేదు, అక్కడే మట్టిచేశారు. ఆ ఖబర్ మీద మేం పిడికెడు మట్టి వేయలేదు. అమ్మీని మట్టిచెయ్యాల్సినవాణ్ణి ఎవరో పరాయివాళ్లు మట్టిచేశారు.

అంతకు ముందు ఏడు ఒక క్యాసెట్ వచ్చింది. అందులో వాడు మొదటిసారి నిజం చెప్పాడు. ఒంట్లో బాగుండడం లేదనీ, పని చేయలేకపోతున్నాననీ. 'ఆజావూఁ క్యా అమ్మీ?' అని అడిగాడు. చెల్లె నికా ముందుంది. జహేజ్‌కు డబ్బు కావాలి. జవాబు వేరే క్యాసెట్లో రికార్డు చేశాం. 'ఇంకో రెండేళ్లు ఓర్చుకో తమ్మీ' అన్నది మేమే, అన్నలం. అమ్మీ పక్కనే ఉంది. ఆమె కాదనలేదు. ఆ క్యాసెట్ ఎటుపోయిందో తెలియదు. వాడు అడిగింది మాత్రం మా సందూకులో ఉంది.

ఈ దేశంలో మాకు ఎవరెవరు ఏమేం చేశారో మేం 30 ఏళ్లుగా రాస్తూనే ఉన్నాం. రాయాలి. అదంతా జరిగిందే. మేం మా వాళ్లకు ఏం చేశామో మాత్రం రాయలేదు. పేదరికం చేయించిందనీ, కట్నం చేయించిందనీ చెప్పుకోవచ్చు. చేయించాయి. నోరు మాది. ఒక ఫ్రెంచి గేము వచ్చి, మా వేలితో మళ్లీ ఆ మాటే అనిపించేదాకా అది మా నోటికి రాలేదు. ఎన్ని కథలు చదివాం, ఎన్ని సభల్లో మాట్లాడాం. ఒక్కటీ మమ్మల్ని ఇలా అడగలేదు. కథ మా ఎదుట నడిచింది, మేం చూశాం. ఇది మమ్మల్ని ఏం చెయ్యమంటావని అడిగి, మా జవాబు కోసం ఆగింది.

మా బిడ్డ ఇంకో సంగతి కూడా పట్టుకుంది. 'ఇందుల ఆడపిల్ల బయటికి పోయింది, మొగోడు ఇంట్ల ఉండి ఎదురుచూసిండు. మన ఇంట్ల చాచీకి ఆ క్యాసెట్ల ఒక్క నిమిషమన్నా ఇచ్చిన్రా?' అని అడిగింది. ఇవ్వలేదు. మరదలు తలుపు వెనక నిలబడి వినేది. జవాబులో ఆమె మాట లేదు. ఆమెను అడిగుంటే ఏమనేదో మాకు తెలియదు. ఇప్పుడు అడిగే మొహం లేదు.

ఆ రంజాన్ అయ్యాక బిడ్డ సందూకులోంచి క్యాసెట్ తీసింది. టేప్ రికార్డర్ బాగుచేసేవాణ్ణి వెతకడానికే రెండు నెలలు పట్టింది. వాడి గొంతును కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ట్వైన్ అని ఒకటుందట, డబ్బులేం ఇవ్వక్కర్లేదు. కథ రాసి, ఎక్కడ ఏది ఏరుకోవాలో పెడితే గేమవుతుంది. తెలుగులో కూడా రాసుకోవచ్చు. సెలవుల్లో వచ్చినప్పుడల్లా కాస్త కాస్త రాసింది. దమ్మాం ఎండ, గదిలో ఎనిమిదిమంది, ఊరొచ్చేవాళ్ల కోసం విమానాశ్రయంలో క్యాసెట్ పట్టుకుని తిరగడం, అన్నీ మమ్మల్ని అడిగి రాసింది. చాచీని అడిగి కూడా రాసింది. అందులో ఏముందో మాకు చూపలేదు.

ఒకరోజు కంప్యూటర్ తెచ్చి అమ్మీ ముందు పెట్టింది. తమ్ముడి గొంతు వచ్చింది. గరగర మధ్య, 'ఆజావూఁ క్యా అమ్మీ?' తెర మీద రెండు మాటలు. 'ఉండు బేటా.' 'వచ్చెయ్ బేటా.'

'ఏది ఏడుందే?' అంది అమ్మీ. బిడ్డ ఆమె వేలు పట్టుకుని చూపించింది. అమ్మీ రెండో దాని మీద వేలు పెట్టింది.

తెర తెల్లగా అయింది. 'అక్కడి నుంచి ఇంకా రాయలేదు దాదీ' అంది మా బిడ్డ.

'పర్వాలేదు, మెల్లగ రాయి' అంది అమ్మీ. వేలు మాత్రం తీయలేదు.